బ్రాందీ షాపుకు లాటరీ తీశారు, మాకు ఓటు పెట్టండి

ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యులందరికీ నమస్కారాలు.

నేను నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో ఉండే ఒక పల్లెటూరి మనిషిని. కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. చాలా ఏళ్లుగా పొదుపు సంఘం లీడర్ని. మీలో ఒకరికి నేను ఓటేశాను, ఎవరికో చెప్పను. ఈ ఉత్తరం అన్ని పార్టీల వాళ్లకూ కలిపి రాస్తున్నాను. ఎందుకంటే ఇందులో ఉన్న తప్పు అన్ని పార్టీలదీ.

కిందటి గాంధీ జయంతి నాడు మా ఊళ్లో గ్రామసభ జరిగింది. బడికి పోయే దారిలో పెట్టిన బ్రాందీ షాపు ఇక్కడ వద్దని తీర్మానం రాయమని నేను లేచి అడిగాను. నా వెనక ఇరవై మంది దాకా ఆడవాళ్లు ఉన్నారు. పంచాయతీ కార్యదర్శి మంచి పిల్లవాడే. పెన్ను పక్కన పెట్టి, "అది మన పరిధిలో లేదు పెద్దమ్మా, వీధిలైట్ల గురించి ఏమన్నా ఉంటే చెప్పండి" అన్నాడు. సరే, ఎవరో వీధిలైట్ల గురించి చెప్పారు, రాసుకున్నాడు. బ్రాందీ షాపు ముందు లైటు వెలగడం లేదని ఇంకెవరో చెప్పారు, అదీ రాసుకున్నాడు. వారం తిరక్కుండా అక్కడ కొత్త లైటు పడింది.

ఆ రోజు గాంధీ జయంతి కాబట్టి షాపు షట్టరు దించి ఉంది. రెండు వీధుల అవతల బెల్టు షాపు మాత్రం తెరిచే ఉంది.

షాపు వద్దని అరిచే ఉత్తరాలు మీకు చాలానే వచ్చి ఉంటాయి. ఇది అలాంటిది కాదు. మా ఊళ్లో షాపు ఉండాలా వద్దా అని మా ఊరి వాళ్లను ఓటు అడగమంటున్నాను, అంతే. మేం ఓడిపోవచ్చు కూడా. ఆ సంగతి చివర్లో చెబుతాను.

2024 అక్టోబరులో మీరు 3,396 షాపులకు దరఖాస్తులు పిలిచారు. 89,882 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు రెండు లక్షలు, తిరిగి ఇచ్చేది లేదు. అంటే ఒక్క సీసా మూత తీయకముందే ఖజానాకు దగ్గర దగ్గర 1,798 కోట్లు వచ్చాయి. కలెక్టర్ల సమక్షంలో లాటరీ తీశారు, టీవీల్లో చూపించారు. ఎక్కడా గోల్‌మాల్ జరగలేదని చెప్పుకోవడానికి ఎంత జాగ్రత్త పడ్డారో! షాపు మాకు కావాలని 89,882 దరఖాస్తులు పెట్టిన వాళ్లను పేరుపేరునా పిలిచి చీటీలు తీశారు. ఆ షాపు ముందు నుంచి రోజూ నడిచిపోవాల్సిన వాళ్లను మాత్రం ఒక్కర్ని కూడా అడగలేదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది, నాకూ ఈ మధ్యనే తెలిసింది. షాపులను మండలానికి ఇన్ని అని లెక్కేసి ఇస్తారు. ఆ మండలంలో ఏ ఊళ్లో, ఏ వీధిలో పెట్టుకోవాలో లైసెన్సు వచ్చినాయన చూసుకుంటాడు. గుడికీ బడికీ నూరు మీటర్ల దూరం ఉంటే చాలు. మా ఊళ్లో టేపు పట్టి కొలిచారు, కొంచెం ఎక్కువే వచ్చిందన్నారు. మెయిన్‌రోడ్డు మీద ఒకాయనకు ఖాళీ గది ఉంది, కిరాణా కొట్టు ఇచ్చే అద్దెకు మూడింతలు ఇస్తామన్నారు, ఆయన ఇచ్చాడు. ఆయన్ను నేను తప్పు పట్టను, కూతురి పెళ్లి అప్పు ఉంది ఆయనకు. కానీ చూడండి, మా ఊళ్లో మందు అమ్మాలన్న నిర్ణయం చివరికి ఎక్కడ జరిగిందో. అసెంబ్లీలో కాదు, కలెక్టరాఫీసులో కాదు, గది ఓనరూ షాపాయనా మాట్లాడుకున్న అరగంటలో జరిగింది.

నేను ఇంత ధైర్యంగా మాట్లాడటానికి కారణం వయసు కాదు. 1991లో నాకు ఇరవై ఏళ్లు. పదో తరగతి పాసై ఇంట్లో కూర్చున్నాను. అప్పుడు మా జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. రాత్రిపూట లాంతరు పెట్టుకుని, మా అరుగు మీద ఇరవై మంది ఆడవాళ్లకు అఆలు దిద్దించాను. కూలికి పోయి వచ్చి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చేవాళ్లు. వాళ్లు చదివే వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. మొగుడి తాగుడు వల్ల ఇల్లు చెడిన ఆడదాని కథ, ఊరి ఆడవాళ్లంతా కలిసి సారాయంగడి మూయించిన కథ. పాఠం అయ్యాక నేను ప్రశ్నలు అడగాలి. నేను అడిగే లోపలే ఒకామె అడిగింది: "మనూళ్లో ఎందుకు మూయించలేం?" నా దగ్గర జవాబు లేదు. వాచకంలో కూడా లేదు.

మాకు కొంచెం దూరంలో కలిగిరి మండలం దూబగుంటలో ఆ జవాబు దొరికింది. అక్కడి ఆడవాళ్లు సారాయిని ఊళ్లోకి రానివ్వలేదు. వాళ్లను ముందుండి నడిపిన రోశమ్మ పేరు మీకందరికీ తెలుసు, ఆమె పోయినప్పుడు మీలో కొందరు సంతాపం కూడా చెప్పారు. 1992లో అది ఊరి నుంచి ఊరికి పాకింది. చీపుర్లు, కారప్పొడి, రోకళ్లు... పేపర్ల వాళ్లు వాటినే ఫోటోలు తీశారు. నాకు మాత్రం వేరేది గుర్తుంది. సారాయి జీపు రాకుండా రాత్రంతా రోడ్డు మీద వంతులేసుకుని కూర్చోవడం, చలికి పిల్లల్ని కొంగులో చుట్టుకోవడం. నెల్లూరులో సారా వేలంపాటలను ఆడవాళ్లు ఒకటికి పదిసార్లు వాయిదా వేయించారు. 1993 ఏప్రిల్ 15న మా జిల్లాలో సారా నిషేధించారు, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ గారు ప్రమాణ స్వీకారం రోజునే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం. 1997లో ఎత్తేశారు.

ఎత్తేసినప్పుడు మేం ఏడ్చామని అనుకోకండి. కొంతమంది ఏడ్చారు. నేను ఏడవలేదు. ఆ రెండేళ్లలో పక్క రాష్ట్రాల నుంచి సరుకు ఎలా వచ్చిందో, గుట్టల చాటున నాటుసారా ఎలా కాచారో కళ్లారా చూశాను. మా మేనమామ కొడుకు ఒకడు ఆ వ్యాపారంలోనే ఇల్లు కట్టాడు. హైదరాబాదులో కూర్చుని అందరికీ ఒకేసారి మాన్పిస్తాం అంటే జరిగే పని కాదని నాకు అప్పుడే అర్థమైంది. ఊరు ఊరుగా మానిన చోట మాత్రం మానారు. ఎందుకంటే అక్కడ కాపలా కాసేది పోలీసు కాదు, ఆ ఊరి వాళ్లే.

తర్వాత అమ్మేవాళ్లు మారుతూ వచ్చారు. అసలు ముందు నుంచీ అదే కథ. ఎనభైల్లో ప్రభుత్వమే వారుణి వాహిని అని అందమైన పేరు పెట్టి సారాయిని ప్యాకెట్లలో పల్లెలకు పంపింది. తర్వాత కాంట్రాక్టర్లు, తర్వాత నిషేధం, తర్వాత ప్రైవేటు వైన్‌షాపులు. 2019 అక్టోబరు 1 నుంచి మళ్లీ ప్రభుత్వ దుకాణాలు. 4,380 షాపుల్ని 3,500 చేశామన్నారు, దశలవారీగా నిషేధం అన్నారు. డిగ్రీ చదివిన పిల్లలు కౌంటర్లో కూర్చుని క్వార్టర్లు అమ్మారు. ఎన్నడూ పేరు వినని బ్రాండ్లు వచ్చాయి. ఫోనుతో డబ్బులు కొడతామంటే తీసుకునేవాళ్లు కాదు, నోట్లే కావాలి. 2020 మేలో లాక్‌డౌన్ సడలించి షాపులు తెరిచినప్పుడు రేట్లు ముందు 25 శాతం పెంచారు, మర్నాడే ఇంకో 50 శాతం. రేటు పెరిగితే తాగుడు తగ్గుతుందన్నారు. మా వీధిలో తగ్గింది కూరగాయలు, పాలు. ఇప్పుడు మళ్లీ ప్రైవేటు, 99 రూపాయలకే క్వార్టరు. రేటు తగ్గితే నాటుసారా జోలికి పోరని ఇప్పుడంటున్నారు. పెంచినా మా మంచికే, తగ్గించినా మా మంచికే.

ఇంతమంది మారినా ఒక్కటి మారలేదు. ప్రభుత్వం అమ్మినప్పుడూ ఊరిని అడగలేదు, ప్రైవేటువాళ్లు అమ్మినప్పుడూ అడగలేదు. ప్రభుత్వం అమ్మాలా, ప్రైవేటు అమ్మాలా అని మీరు అసెంబ్లీలో గంటలు గంటలు తిట్టుకుంటారు. నాకు ఆ గొడవ అంతగా పట్టదు. నా ఇంటికి ఎదురుగా ఉన్న కౌంటరు వెనక కూర్చున్న వాడికి జీతం ఎవరిస్తే నాకేం?

ఓటు అడగటం అంటే ఇదేదో కొత్త పిచ్చి అని మీకు అనిపిస్తే, దేశంలో ఇప్పటికే ఉన్న సంగతులు కొన్ని చెబుతాను. ఇంటర్ చదివే మా మనవరాలి వరస పిల్ల వెతికిపెట్టింది, నేను ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను.

రాజస్థాన్‌లో 1975 నుంచే దీనికి రూల్స్ ఉన్నాయి. ఊళ్లో ఐదో వంతు ఓటర్లు అర్జీ పెడితే అధికారులు వచ్చి ఓటింగ్ జరపాలి, సగానికి పైగా వద్దంటే షాపు మూయాలి. 2016 మార్చిలో రాజసమంద్ జిల్లా కాఛబలి పంచాయతీలో అలా ఓటింగ్ జరిగింది. రెండు వేల మందికి పైగా ఓటేశారు, అందులో నూటికి తొంభై మందికి పైగా వద్దన్నారు. షాపు పోయింది. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, రోడ్డు మీద రాత్రంతా కూర్చోలేదు. మాకు 1992లో ఇలాంటి రూలు ఒకటి ఉందని తెలిసి ఉంటే!

మహారాష్ట్రలో ఇంకా బాగుంటుంది. 2008 ఉత్తర్వు ప్రకారం ఊళ్లో నాలుగో వంతు ఆడ ఓటర్లు అర్జీ పెడితే రహస్య ఓటింగ్. బ్యాలెట్ మీద రెండే గుర్తులు. నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా. షాపు ఉండాలంటే నిలబడ్డ సీసా, పోవాలంటే పడిపోయిన సీసా. 'ఆడ్వీ బాట్లీ' అంటారట మరాఠీలో. మా సంఘంలో ఈ సంగతి చెప్పినప్పుడు అందరూ పడీపడీ నవ్వారు. నవ్వి నవ్వి ఒకామె అంది: "మా ఇంట్లో సీసా నిలబడుకునే ఉంటాది, మనిషే పడుకుంటాడు."

అయితే అక్కడి రూల్లో ఒక మెలిక ఉంది. ఓటేసిన వాళ్లలో సగం చాలదు. జాబితాలో ఉన్న ఆడవాళ్లందరిలో సగానికి పైగా సీసాను పడుకోబెట్టాలి. మా ఊరి జాబితా చూస్తే నాకు భయమేస్తుంది. పెళ్లయి పోయిన పిల్లల పేర్లు తీయలేదు. బేల్దారి పనికి బెంగుళూరు, చెన్నై పోయిన వాళ్ల పేర్లున్నాయి. చచ్చిపోయిన మా పెద్దత్త పేరు ఇంకా ఉంది. రాని వాళ్లందరూ షాపు కావాలన్నట్టే లెక్క! అందుకే మన రాష్ట్రంలో పెడితే ఆ మెలిక వద్దు. జాబితాలో సగం మంది వచ్చి ఓటేస్తే చాలు, వేసిన వాళ్లలో ఎక్కువమంది ఏమంటే అది. ఆడవాళ్లు మాత్రమే వేయాలన్న మాట కూడా మా సంఘంలో వచ్చింది, నేను ఒప్పుకోలేదు. మగవాళ్లను పక్కన పెట్టి మూయిస్తే వాళ్లు అది వాళ్ల మాట అనుకోరు. మర్నాడే బెల్టు షాపు తెరుస్తారు.

మన చట్టంలో కూడా ఇది లేకపోలేదు. 1996 నాటి పెసా చట్టం గిరిజనులుండే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, అదుపు చేసే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఇవ్వాలని చెబుతుంది. పాడేరు, అరకు, రంపచోడవరం కొండల్లోని ఊళ్లకు కాగితం మీదైనా ఆ హక్కు ఉంది. ఘాట్‌రోడ్డు దిగి మైదానంలోకి రాగానే ఆ హక్కు ఎందుకు పోతుందో మీరు చెప్పాలి. కొండ మీది మనిషికి తన ఊరి గురించి ఆలోచించే తెలివి ఉందని పార్లమెంటు ఒప్పుకుంది కదా. మెట్ట మనిషికి లేదనా?

ఇంకో దేశం సంగతి కూడా చెబుతాను. మా అమ్మాయి అమెరికాలో మినసోటా రాష్ట్రంలో ఉంటుంది. కాన్పుకు సాయంగా నేను వెళ్లి ఆరు నెలలు ఉన్నాను. మినియాపాలిస్‌కు దక్షిణాన లేక్‌విల్ అనే ఊరు వాళ్లది. ఒకరోజు కారులో పోతుంటే పెద్ద దుకాణం కనబడింది, సూపర్ మార్కెట్ అనుకున్నాను. "అది మందు షాపమ్మా, మున్సిపాలిటీ వాళ్లది" అంది. నేను నమ్మలేదు. మున్సిపాలిటీ మందు అమ్మడం ఏమిటి? అమ్ముతుందట. 1933లో వాళ్ల దేశంలో మద్యనిషేధం పోయిన తర్వాత ఆ రాష్ట్రంలో చాలా ఊళ్లు, బయటివాడికి లైసెన్సు ఇచ్చే బదులు మేమే అమ్ముకుంటాం, అదుపు మా చేతిలో ఉంటుంది, లాభం మా ఊరికే వస్తుంది అనుకున్నాయట. ఇప్పటికీ అలా నడుస్తున్నాయి. ఆదివారం మందు షాపులు తెరవడం 2017 దాకా ఆ రాష్ట్రంలో ఎక్కడా లేదు. లాభంతో పార్కులు, ఆటస్థలాలు, ఫైరింజన్లు కొనుక్కునే ఊళ్లున్నాయి. మా మనవణ్ని ఉయ్యాల ఊపిన పార్కులో ఎంత భాగం మందు డబ్బో నాకు తెలియదు కానీ, ఉయ్యాల బాగానే ఊగింది.

నాకు నచ్చింది ఆ దుకాణం కాదు, దాని వెనకున్న రూలు. మూడేళ్లలో రెండేళ్లు షాపుకు నష్టమొస్తే కౌన్సిల్ ఊరందర్నీ పిలిచి బహిరంగంగా విచారణ జరపాలి. తర్వాత ఓటర్లలో నూటికి ఐదుగురు సంతకాలు పెట్టి అడిగితే, షాపు నడపాలా మూయాలా అని ఊరి ఓటుకు పెట్టి తీరాలి. నూటికి ఐదుగురు! మా ఊళ్లో అయితే పొదుపు సంఘాల మీటింగు ఒక్కటి చాలు.

మరి మన పంచాయతీలు కూడా అలా సొంత షాపు పెట్టుకుంటే పోలా అని మా సర్పంచి అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ కళ్లలో లెక్కలు కనపడ్డాయి. దానికి మాత్రం నేను ఒప్పుకోను. మన దగ్గర అది ఎలా ఉంటుందో మనకు ఇప్పటికే తెలుసు. బెల్టు షాపుకు ఊరి పెద్దలే వేలంపాట పెట్టడం, ఆ డబ్బు గుడికి జమ వేయడం మన రెండు రాష్ట్రాల్లోనూ పేపర్లలో వస్తూనే ఉంది. మాకు దగ్గర్లోనే ఒక ఊళ్లో అలా పాట పెట్టి రాములవారికి ధ్వజస్తంభం ఎత్తించారు. పాట పాడినవాడు పెట్టిన లక్షలు రాబట్టుకోవాలంటే సీసాకు ఇరవై, ముప్పై ఎక్కువ వేసి అమ్మాలి. ఎవడు కొన్నా ఆ ముప్పై రూపాయల్లో దేవుడికి వాటా ఉందని చెప్పుకుంటాడు. అక్కడ బెల్టు షాపు మీద ఫిర్యాదు చేస్తే అది గుడి మీద ఫిర్యాదు. ఎవరు చేస్తారు? పంచాయతీ ఆదాయం కూడా సీసాల మీద పడితే వీధిలైటు వెలగాలంటే ఒకడు తాగాలి. లేక్‌విల్‌లో అది నడుస్తుందంటే అక్కడ పంచాయతీకి ఇంకా పది ఆదాయాలున్నాయి, పైగా లెక్కలు ఏటా బయటపెడతారు. మాకు కావలసింది షాపు మీద వాటా కాదు, షాపు మీద మాట.

మీరు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. మా ఇంట్లోనే వింటున్నాను. మా బావ, అంటే మా అక్క మొగుడు, రోజూ సాయంత్రం ఒక క్వార్టరు తాగుతాడు. గొడవ చేయడు, తాగి పడుకుంటాడు. ఆయన అంటాడు: "ఇక్కడ మూస్తే నేను మానతానా? పన్నెండు కిలోమీటర్లు బండేసుకుని పోయి తాగి, చీకట్లో తిరిగొస్తాను. లారీ కింద పడితే మీ సంఘం వాళ్లు వచ్చి ఏడవండి." ఆ మాట తీసిపారేయదగ్గది కాదు. మా మండలంలో అలా పోయిన ప్రాణాలు ఉన్నాయి. షాపు పోయిన ఊళ్లో బెల్టు షాపు పుట్టకపోతే కదా అసలు లాభం, అది కూడా నిజమే.

అయితే ఆ వాదం నాతో ఎందుకు? గ్రామసభలో అందరి ముందూ చెప్పమనండి. మా ఊళ్లో రెండు వేల మంది ఓటర్లున్నారు. ఈ లాభనష్టాలు వాళ్లకు తెలియవా? బండి మీద పోయే మొగుళ్ల ప్రాణం సంగతి భార్యలకు మీకంటే బాగా తెలుసు. నెలరోజుల ముందు ఓటింగ్ ఉందని చెప్పండి. ఆ నెలంతా రచ్చబండ దగ్గర, మిషను దగ్గర, చేలో, బస్సులో అదే మాట్లాడుకుంటారు. ఆ మాటలే సగం పని చేస్తాయి. తాగేవాడు తన తాగుడు గురించి ఊరికి సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. షాపాయన కూడా దిగి వస్తాడు. పొద్దున పదింటికి కాదు, బడి వదిలాకే తెరుస్తాను అంటాడు. రోడ్డు మీద తాగనివ్వను అంటాడు. ఊరవతలికి మారతాను అంటాడు. ఓటు ఉంటేనే అవన్నీ అంటాడు. ఇప్పుడు అడిగితే, "లైసెన్సుకు లక్షలు కట్టానమ్మా" అంటున్నాడు.

ఓటింగ్ ఎలా పెట్టాలో కూడా మా సంఘంలో మాట్లాడుకున్నాం. చేతులెత్తే పద్ధతి వద్దే వద్దు. గ్రామసభలో చెయ్యెత్తిన ఆడదాన్ని ఇంటికెళ్లాక ఏం చేస్తారో మీకు చెప్పాల్సిన పని లేదు. పైగా షాపు మనుషులు గోడ పక్కన నిలబడి ఎవరు ఎత్తారో లెక్కపెడతారు. డబ్బాలో వేసే రహస్య ఓటే కావాలి. సర్పంచి ఎన్నికలతో కలిపి పెట్టొద్దు. ఆ ఎన్నికల్లో ఇంటింటికీ సీసాలు పంచే సంగతి మీకంటే ఎవరికి బాగా తెలుసు? సీసా ఉండాలా వద్దా అనే ఓటుకు సీసా పంచితే ఇక చెప్పేదేముంది. విడిగా, ఒక ఆదివారం, బడిలో పెట్టండి. నూటికి పదిమంది సంతకాలు పెడితే ఓటింగ్ జరగాలి. మూసిన షాపు మళ్లీ కావాలన్నా అదే పద్ధతి. ఊరు వద్దన్న తర్వాత బెల్టు షాపు కనబడితే ఆ మండలానికి సరుకు పంపిన షాపు లైసెన్సు మీద చర్య ఉండాలి. బెల్టు షాపుకు సీసా ఆకాశం నుంచి పడదు కదా. ఏ లైసెన్సు షాపు నుంచి వచ్చిందో ఎక్సైజు వాళ్లకు తెలియకపోతే మా ఊరి ఆరో తరగతి పిల్లల్ని అడిగితే చెబుతారు.

ఖర్చు ఎక్కువవుతుందని అంటారేమో. తిరిగి ఇవ్వని దరఖాస్తు డబ్బులే 1,798 కోట్లు. మాకు కావలసింది ఒక డబ్బా, రెండు గుర్తులున్న కాగితాలు, ఒక్క రోజు డ్యూటీకి నలుగురు మనుషులు.

ఈ షాపుల గడువు 2026 సెప్టెంబరుతో తీరుతుంది. తర్వాత కొత్త పాలసీ అని మీరు మళ్లీ కూర్చుంటారు. ఎన్ని షాపులు, ఎంత ఫీజు, ఎవరికి ఎంత మార్జిను, అన్నీ లెక్కలేస్తారు. గీత కార్మికులకు పది శాతం షాపులు ఇవ్వాలన్నది కూడా ఈసారి పాలసీలో చేర్చారు, మంచిదే, వాళ్ల కల్లు బతుకు దెబ్బతిన్నది. కొనే వాళ్ల గురించి, అమ్మే వాళ్ల గురించి, గీసే వాళ్ల గురించి ఆలోచించారు. షాపు ఉన్న వీధిలో కాపురముండే వాళ్ల గురించి అందులో ఒక్క వాక్యం చేర్చండి. లాటరీకి ముందు ఊరి ఓటు అన్న వాక్యం. రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాలను నిషేధించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలంటుంది. మీరు ప్రయత్నించలేకపోతున్నారు, ఆదాయం అడ్డమొస్తోంది, అర్థం చేసుకోగలను. మరి మమ్మల్ని ప్రయత్నించనివ్వండి.

మేం సంతకాలు మొదలుపెట్టాం. ఇంటింటికీ తిరిగితే ఇప్పటికి 312 వచ్చాయి. అందులో వేలిముద్రలు ఏడే. 1991లో ఇదే వీధుల్లో సంతకాలు అడిగి ఉంటే ఆడవాళ్లవన్నీ వేలిముద్రలే అయ్యేవి. మా అరుగు మీద అక్షరాలు దిద్దిన వాళ్లలో నలుగురు ఈ కాగితం మీద పేరు రాశారు. ఒకామె ఒత్తు మర్చిపోయింది, నేను దిద్దబోతే చెయ్యి తోసేసింది, "నా సంతకం నా ఇష్టం" అని.

మా బావ దగ్గరికి కూడా వెళ్లాను. కాగితం అంతా చదివాడు. ఓటింగ్ జరిగితే షాపు ఉండాలనే వేస్తానన్నాడు, చుట్టుపక్కల అందరి చేతా వేయిస్తానన్నాడు. వేయించుకో బావా అన్నాను. "అయితే ఓటు పెట్టమనే కదా ఈ అర్జీ?" అని ఇంకోసారి అడిగి, పెన్ను తీసుకున్నాడు. ఆయనది 298వ సంతకం.

ఇట్లు,
మెట్ట ప్రాంతపు ఒక ఓటరు,
నెల్లూరు జిల్లా